ఇంటి మీద అప్పు తెచ్చి షేర్లు కొంటే: లెక్క ఎక్కడ తప్పుతోంది?

మార్టిగేజ్ లోన్ 10 శాతానికి దొరుకుతోంది, షేర్ మార్కెట్ దీర్ఘకాలంలో 12 శాతం ఇస్తోంది, మధ్యలో మిగిలే 2 శాతం మనదే కదా అనే వాదన ఈ నాలుగైదేళ్లలో బాగా వినిపిస్తోంది. పైకి ఇందులో తప్పేమీ కనిపించదు. ఇల్లు మన పేరు మీదే ఉంటుంది, మనం అందులోనే ఉంటాం, ఊరికే పడి ఉన్న ఆస్తి నాలుగు డబ్బులు సంపాదించి పెడుతుంది. అయితే ఈ వాదన వడ్డీ శాతాన్నీ రాబడి శాతాన్నీ పక్కపక్కన పెట్టి చూసి ఊరుకుంటుంది. ప్రతి నెలా ఐదో తారీఖున కట్టాల్సిన ఈఎమ్ఐ ఎక్కడి నుంచి వస్తుందని అడగదు. ప్రమాదమంతా అక్కడే ఉంది.

2020 మార్చిలో దేశంలో షేర్లు ఉంచుకునే డీమ్యాట్ ఖాతాలు 4 కోట్ల పైచిలుకు. 2025 మార్చి నాటికి అవి 19 కోట్లు దాటాయి. ఒకరికే రెండు మూడు ఖాతాలుంటాయని తీసేసినా, ఇప్పుడు మార్కెట్లో ఉన్నవారిలో ఎక్కువమంది కరోనా తర్వాత వచ్చినవారే. 2008 నాటి పతనాన్ని వీళ్లు సొంత డబ్బుతో చూడలేదు. ఇదే కాలంలో హైదరాబాద్ చుట్టుపక్కల ఫ్లాట్లు, ప్లాట్ల ధరలు బాగా పెరిగాయి. ఆస్తి విలువ పెరిగితే దాని మీద వచ్చే అప్పూ పెరుగుతుంది. హోమ్ లోన్ వాయిదాలు సక్రమంగా కడుతున్నవారికి టాపప్ (అదే ఇంటి మీద అదనపు అప్పు) ఇస్తామంటూ ఫోన్లు రావడం మామూలైపోయింది. 2024 ఆగస్టు 8న ద్రవ్య విధాన ప్రకటనలో అప్పటి రిజర్వ్ బ్యాంకు గవర్నర్ శక్తికాంత దాస్ ఈ టాపప్ లోన్ల గురించే హెచ్చరించారు. కొన్ని సంస్థలు ఆస్తి విలువలో ఎంత అప్పు ఇవ్వాలన్న నిబంధననూ, డబ్బు దేనికి వాడుతున్నారన్న పర్యవేక్షణనూ సరిగా పట్టించుకోవడం లేదని, ఆ డబ్బు ధరల మీద పందెం కాసే స్పెక్యులేషన్‌కు మళ్లే ప్రమాదం ఉందని ఆయన చెప్పారు.

అప్పు ఎలా పుడుతుందో ముందు చూద్దాం. అసలు దస్తావేజు, లింక్ డాక్యుమెంట్లు (ఆస్తి గతంలో చేతులు మారిన పత్రాలు), ఈసీ (ఆస్తి మీది లావాదేవీలు, తాకట్లు చూపే ధ్రువపత్రం), పన్ను రసీదులు బ్యాంకుకు ఇస్తే లాయరు లీగల్ ఒపీనియన్ రాస్తాడు, వాల్యుయర్ వచ్చి ధర కడతాడు. ఆ ధరలో మామూలుగా సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా అప్పు వస్తుంది. దస్తావేజులు జమ చేసినట్టు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేస్తే ఈసీలో ఆ ఎంట్రీ కనిపిస్తుంది. సంతకాలు పెట్టించుకునే కాగితాల కట్టలో ఈ డబ్బును స్పెక్యులేటివ్ అవసరాలకు వాడనన్న హామీ కూడా చాలా బ్యాంకులు తీసుకుంటాయి. ఎవరూ దాన్ని చదవరు. దరఖాస్తులో ఇంటి రిపేర్లనో పిల్లల చదువనో రాసి, ఆ డబ్బును ట్రేడింగ్ ఖాతాకు పంపితే అది ఒప్పందాన్ని ఉల్లంఘించడమే. విషయం బయటపడితే మొత్తం అప్పు ఒకేసారి కట్టమని అడిగే హక్కు బ్యాంకుకు ఉంటుంది.

పన్ను విషయంలోనూ చాలామంది పొరబడుతుంటారు. హోమ్ లోన్ వడ్డీకి ఆదాయపు పన్నులో వచ్చే మినహాయింపు ఇల్లు కొనడానికో, కట్టడానికో, బాగు చేయించుకోవడానికో వాడిన డబ్బుకే వర్తిస్తుంది. అదే ఇంటిని తాకట్టు పెట్టి షేర్లు కొంటే ఆ వడ్డీకి ఆ మినహాయింపు రాదు. లాభం వస్తే మాత్రం పన్ను తప్పదు. 2024 జులై 23 నుంచి షేర్లు, ఈక్విటీ ఫండ్లను ఏడాదికి మించి ఉంచుకుని అమ్మితే లాభం మీద 12.5 శాతం, ఏడాదిలోపు అమ్మితే 20 శాతం కట్టాలి. వడ్డీ మనం భరించాలి, లాభంలో ప్రభుత్వానికి వాటా ఇవ్వాలి.

జీతంలోంచి ఈఎమ్ఐ కట్టేవారి లెక్క

50 లక్షల అప్పు, 10 శాతం వడ్డీ, 15 ఏళ్ల గడువు అనుకుందాం. ఈఎమ్ఐ 53,730 రూపాయలు వస్తుంది. పదిహేనేళ్లలో కట్టేది మొత్తం 96 లక్షల 71 వేలు. ఈ ఈఎమ్ఐ మొత్తం జీతంలోంచి కట్టేస్తూ, 50 లక్షలనూ మొదటి రోజే, సెన్సెక్స్ లాంటి సూచీలోని షేర్లన్నీ కొనే ఇండెక్స్ ఫండ్‌లో పెట్టి కదపకుండా వదిలేశారు. మార్కెట్ ఏ ఒడిదుడుకులూ లేకుండా ఏటా 12 శాతం చొప్పున పెరిగింది. పదిహేనేళ్ల తర్వాత 2 కోట్ల 73 లక్షలు అవుతుంది. పన్ను పోగా 2 కోట్ల 46 లక్షల దాకా చేతికి వస్తుంది. ఈ పథకం మంచిదని చెప్పేవారు ఇక్కడితో ఆపేస్తారు.

ఇంకో పక్క కూడా లెక్క వేయాలి. ఇల్లు తాకట్టు పెట్టకుండా అదే 53,730 రూపాయలను అదే ఫండ్‌లో అదే పదిహేనేళ్లు నెలనెలా సిప్ కడితే? ఏటా అదే 12 శాతం మీద 2 కోట్ల 53 లక్షలు అవుతుంది. పన్ను పోగా 2 కోట్ల 34 లక్షలు. అంటే ఇంటి దస్తావేజులు పదిహేనేళ్లు బ్యాంకు లాకర్లో పెట్టినందుకు అదనంగా దక్కింది 12 లక్షలు. అదీ మార్కెట్ ఒక్క ఏడాది కూడా తడబడకపోతేనే. ప్రాసెసింగ్ ఫీజు, స్టాంపు ఖర్చులు, అప్పుతోపాటు అంటగట్టే బీమా ప్రీమియం ఇందులో కలపలేదు.

మార్కెట్ 12 బదులు 11 శాతం ఇస్తే? పన్ను పోగా రెండు దారుల్లోనూ చేతికొచ్చేది ఒక్కటే, 2 కోట్ల 16 లక్షల దగ్గర. అప్పు తెచ్చినందుకు ఒక్క రూపాయి కూడా మిగలదు. 10 శాతం అప్పు, 11 శాతం రాబడి, మధ్యలో 1 శాతం లాభం అనుకున్నది ఎటు పోయింది? నెలనెలా లెక్కగట్టే 10 శాతం వడ్డీ ఏడాదికి చూస్తే దాదాపు పదిన్నర శాతం పడుతుంది. మిగిలిన అర శాతాన్ని పన్ను తినేస్తుంది. పైగా ఈఎమ్ఐలో అసలు కూడా మొదటి నెల నుంచే తిరిగి కట్టేస్తుంటాం కాబట్టి, 50 లక్షల అప్పు పదిహేనేళ్లూ మన కోసం పని చేస్తోందన్నది భ్రమ. ఏటేటా అప్పు కరుగుతుంది, దాంతోపాటే అప్పు వల్ల రావాల్సిన అదనపు లాభమూ కరుగుతుంది.

ఈఎమ్ఐ అయితే తప్పనిసరిగా కడతాం, సిప్ అయితే మధ్యలో ఆపేస్తాం, కాబట్టి అప్పే క్రమశిక్షణ నేర్పుతుంది అనేవారున్నారు. మనుషుల స్వభావం గురించి వాళ్లు చెప్పేది నిజమే. కానీ ఉద్యోగం పోయినప్పుడు, ఇంట్లో ఎవరికైనా పెద్ద ఆపరేషన్ అవసరమైనప్పుడు సిప్‌ను ఆపగలగడమే దాని పెద్ద సుగుణం. సిప్ ఆపితే ఎవరూ నోటీసు పంపరు.

ఓవర్‌డ్రాఫ్ట్ పద్ధతిలో (బ్యాంకు పెట్టిన పరిమితి దాకా కావలసినప్పుడు వాడుకునే అప్పు) వడ్డీ ఒక్కటే కడుతూ పోతే అసలు తగ్గదు కాబట్టి కాగితం మీద లాభం ఎక్కువగా కనిపిస్తుంది. కానీ ఆ పరిమితిని బ్యాంకు ఏటా సమీక్షిస్తుంది. మార్కెట్లు పడి, ఉద్యోగాలు ఊగిసలాడుతున్న ఏడాదిలో రెన్యువల్ చేయకపోతే, అదే దెబ్బతిన్న మార్కెట్లో షేర్లు అమ్మి 50 లక్షలు తిరిగి కట్టాలి.

మార్కెట్ డబ్బుతోనే ఈఎమ్ఐ కట్టేవారి లెక్క

జీతంలోంచి ఈఎమ్ఐ కట్టగలిగినవారికి ఈ పథకం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. అది కట్టలేనివారే, అంటే పెట్టుబడిలోంచి నెలనెలా కొంత అమ్మి ఈఎమ్ఐ కడదామనుకునేవారే దీనికి ఎక్కువ ఆశపడతారు. రిటైరైనవారు, రాబడి నిలకడగా లేని చిన్న వ్యాపారులు, ఉద్యోగం మానేసి ఫుల్ టైమ్ ట్రేడింగ్‌లోకి దిగాలనుకునే యువకులు ఈ కోవలోకి వస్తారు. ఏడాదికి కట్టాల్సిన ఈఎమ్ఐ 6 లక్షల 45 వేలు. 50 లక్షల మీద అది 12.9 శాతం. అంటే మొదటి ఏడాది నుంచే మార్కెట్ 13 శాతం ఇస్తే గానీ పెట్టిన డబ్బు చెక్కుచెదరకుండా ఉండదు.

ఇక్కడ ఊహించుకోవాల్సిన పని లేదు, జరిగిన కాలమే ఉంది. 2008 జనవరి 8న సెన్సెక్స్ 20,873 దగ్గర ముగిసింది. ఆ రోజు 50 లక్షల అప్పు తెచ్చి సెన్సెక్స్‌ను అనుసరించే ఫండ్‌లో పెట్టి, ప్రతి నెలాఖరుకూ అందులోంచే 53,730 తీసి ఈఎమ్ఐ కట్టినట్టు అనుకుందాం. ఆ రోజుల్లో వడ్డీలు ఇంకా ఎక్కువే అయినా, 10 శాతమే పెట్టుకుందాం. డివిడెండ్లు కలపకుండా చూద్దాం.

అదే ఏడాది అక్టోబర్ 27న సెన్సెక్స్ 8,509 దగ్గర ముగిసింది. అప్పటికి తొమ్మిది ఈఎమ్ఐలు కట్టారు. ఫండ్‌లో మిగిలింది సుమారు 18 లక్షలు. బ్యాంకుకు ఇంకా కట్టాల్సింది 48 లక్షల 88 వేలు. తొలి ఈఎమ్ఐలలో చాలా భాగం వడ్డీకే పోతుంది కాబట్టి అప్పు దాదాపు తగ్గనే లేదు. నిలబెట్టుకుంటే మార్కెట్ ఎప్పటికైనా తిరిగి వస్తుంది కదా అని ధైర్యం చెప్పేవారు అప్పుడూ ఉన్నారు. మార్కెట్ తిరిగి వచ్చింది కూడా. 2010 నవంబర్ దీపావళికి సెన్సెక్స్ మళ్లీ 21,000 తాకింది. సూచీ పాత ఎత్తుకు చేరిన ఆ రోజున ఈ కుటుంబం చేతిలో ఉన్నది సుమారు 23 లక్షలు, అప్పు ఇంకా 45 లక్షలు.

మార్కెట్ కోలుకుంది, పెట్టుబడి మాత్రం కోలుకోలేదు. సెన్సెక్స్ తొమ్మిది వేల దగ్గర ఉన్న నెలల్లో 53,730 రూపాయల కోసం అమ్మిన ఫండ్ యూనిట్లు, అది ఇరవై వేల దగ్గర ఉన్నప్పుడు అమ్మాల్సిన వాటికి రెట్టింపు కన్నా ఎక్కువ. అలా పోయిన యూనిట్లు మార్కెట్ లేచినప్పుడు లేవడానికి ఖాతాలో లేవు. ఇక సెన్సెక్స్ ఆ 21,000 దాటి నిలదొక్కుకోవడానికి 2013 చివరి దాకా పట్టింది. సొంత డబ్బు పెట్టినవాడు ఆ ఆరేళ్లూ ఓపిక పట్టగలడు. ఈఎమ్ఐ కట్టాల్సినవాడికి ఓపిక పట్టే వీలే ఉండదు. దీర్ఘకాలంలో మార్కెట్ సగటున ఇంత ఇస్తుందన్న మాట మధ్యలో ఒక్కసారి కూడా అమ్మక్కర్లేనివాడికే వర్తిస్తుంది.

2020లో చూడలేదా, ఎంత త్వరగా లేచిందో అంటారు. ఆ జనవరిలో 42,000 దాటిన సెన్సెక్స్ మార్చి 23న ఒక్క రోజే 3,935 పాయింట్లు పడి 26,000 కిందకు వెళ్లింది, నవంబర్‌కల్లా తిరిగి పాత గరిష్ఠాన్ని దాటింది. నిజమే. కానీ ఆ ఏడాది రిజర్వ్ బ్యాంకు ఆరు నెలల మారటోరియం ఇచ్చింది, వాయిదా కట్టకపోయినా ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) కాలేదు. వడ్డీ మాత్రం ఆ ఆరు నెలలూ పెరుగుతూనే ఉంది. ప్రతి పతనానికీ మారటోరియం రాదు, ప్రతి పతనమూ ఎనిమిది నెలల్లో సర్దుకోదు. కొత్తగా వచ్చినవారికి గుర్తున్న పతనం ఇదొక్కటే కావడం వల్లే ఈ అప్పుల మీద భయం తగ్గిపోయింది.

వడ్డీ కూడా పదిహేనేళ్లూ ఒకేలా ఉండదు. 2022 మే ముందు 4 శాతంగా ఉన్న రెపో రేటును (బ్యాంకులకు తాను ఇచ్చే అప్పు మీది వడ్డీని) 2023 ఫిబ్రవరి నాటికి రిజర్వ్ బ్యాంకు 6.5 శాతానికి తీసుకెళ్లింది. దాన్ని బట్టి మారే ఫ్లోటింగ్ రేటు మీద 9 శాతానికి 50 లక్షలు తెచ్చుకున్నవారికి అది 11.5 అయిందనుకుంటే, 15 ఏళ్ల గడువు మీద ఈఎమ్ఐ 50,713 నుంచి 58,409కి వెళ్లినట్టు. చాలామందికి బ్యాంకు ఈఎమ్ఐ పెంచకుండా గడువు పెంచేసింది, అందుకే నొప్పి తెలియలేదు. అవే నెలల్లో మరో సూచీ నిఫ్టీ ఒక దశలో 15,200 దాకా దిగి, చివరికి బయల్దేరిన చోటుకు దగ్గర్లోనే ఆగింది. 2 శాతం తేడాను నమ్ముకుని దిగినవారికి తేడా మొత్తం పోయి, ఎదురు కట్టాల్సి వచ్చింది.

టౌన్స్‌విల్‌లో ఏం జరిగింది

ఇల్లు తాకట్టు పెట్టి షేర్లు కొనడం ఒకరిద్దరి దుస్సాహసంగా కాక, వేల కుటుంబాలకు ఒకే మూసలో అమ్మిన పథకంగా మారితే ఏమవుతుందో ఆస్ట్రేలియా చూసింది. క్వీన్స్‌లాండ్‌లోని టౌన్స్‌విల్ నగరంలో ఇమ్మాన్యుయెల్ కాసిమాటిస్, ఆయన భార్య జూలీ నడిపిన స్టార్మ్ ఫైనాన్షియల్ అనే సలహా సంస్థ ఉండేది. దాని ఖాతాదారుల్లో చాలామంది రిటైరైనవారు, లేదా రిటైర్మెంట్‌కు దగ్గర పడినవారు. ఇంటి అప్పు తీరిపోయి ఉంటుంది, చేతిలో నగదు తక్కువ, పెన్షన్ ఏమాత్రం సరిపోతుందోనన్న దిగులు ఉంటుంది.

వారికి చెప్పిన దారి ఇది. ముందు ఇంటి మీద అప్పు తీసుకోండి. ఆ డబ్బుతో ఇండెక్స్ ఫండ్ యూనిట్లు కొనండి. ఆ యూనిట్లను చూపించి మార్జిన్ లోన్ తీసుకుని ఇంకొన్ని కొనండి. కొంత నగదు పక్కన పెట్టుకుని రెండు అప్పుల వడ్డీలూ అందులోంచి కట్టండి. మార్కెట్ పెరిగి యూనిట్ల విలువ పెరిగితే ఇంకాస్త అప్పు తీసుకోండి. ప్రతి మెట్టులోనూ సంస్థ 7 శాతం దాకా ఫీజు ముందే తీసుకునేది. అంటే అప్పు ఎంత పెద్దదైతే సలహాదారుకు అంత ఆదాయం. ఖాతాదారులు 14 వేల మంది దాకా ఉంటే, వారిలో 3 వేల మంది దాకా ఇలా అప్పు మీద అప్పు చేసినవారే.

2007 నవంబర్ నుంచి 2009 మార్చి మధ్య ఆస్ట్రేలియా మార్కెట్ సగానికి పైగా పడిపోయింది. మార్జిన్ లోన్ ఇచ్చినవాడు యూనిట్ల విలువ తగ్గగానే ఇంకా డబ్బు కట్టమని అడగాలి, కట్టకపోతే అమ్మేయాలి. ఆ హెచ్చరికలు చాలామందికి సమయానికి అందనే లేదు. తెలిసేసరికి యూనిట్లు అట్టడుగు ధరకు అమ్ముడైపోయాయి. మార్జిన్ లోన్ తీరింది, ఫండ్ ఖాళీ అయింది, ఇంటి మీది అప్పు అలాగే మిగిలింది. అరవై, డెబ్బై ఏళ్ల వయసులో కొందరు ఇళ్లు అమ్ముకున్నారు, కొందరు మళ్లీ పనికి వెళ్లారు. 2009 జనవరిలో సంస్థ కూలిపోయింది. ఆ పథకానికి అప్పులిచ్చిన కామన్‌వెల్త్ బ్యాంకు 2012లో నియంత్రణ సంస్థతో రాజీకి వచ్చి, అప్పటికే ఇచ్చినదానికి అదనంగా 13.6 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు నష్టపరిహారంగా ఇచ్చేందుకు ఒప్పుకుంది. దంపతులిద్దరూ డైరెక్టర్లుగా తమ బాధ్యతను ఉల్లంఘించారని 2016లో ఫెడరల్ కోర్టు తేల్చింది. 2018లో చెరో 70 వేల డాలర్ల జరిమానా, ఏడేళ్ల నిషేధం పడ్డాయి.

ఆ ఫండ్లు మోసపు ఫండ్లు కావు, మామూలు ఇండెక్స్ ఫండ్లే. ఆస్ట్రేలియా మార్కెట్ కూడా తర్వాతి ఏళ్లలో కోలుకుంది. ఆ కుటుంబాలను ముంచింది షేర్ల ఎంపిక కాదు, వాటి వెనక ఉన్న అప్పుల కట్టడం. పెట్టుబడిదారు తెలివిగా మంచి షేర్లు ఎంచుకుంటే ఇల్లు భద్రమన్న నమ్మకానికి ఆ నగరం ఇచ్చిన జవాబు అది.

మెల్‌బోర్న్, సిడ్నీలలో ఇళ్లు కొనుక్కున్న తెలుగువారిలో కొందరు డెట్ రీసైక్లింగ్ (ఇంటి అప్పు తీర్చిన మేరకు పెట్టుబడి కోసం మళ్లీ అప్పు తీసుకోవడం) గురించి ఇక్కడి బంధువులకు చెబుతుంటారు. అక్కడ ఆదాయం ఇచ్చే పెట్టుబడి కోసం తెచ్చిన అప్పు వడ్డీకి పన్నులో మినహాయింపు ఉంది కాబట్టి వారి లెక్క వేరు. దాన్ని తెచ్చి ఇక్కడ ఫ్లాటుకు అతికిస్తే కుదరదు.

స్టార్మ్ కట్టిన రెండంతస్తుల అప్పు మన దగ్గర వేరే రూపంలో ఉంది. ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బుతో షేర్లు కొంటారు, ఆ షేర్లను బ్రోకర్ దగ్గర ప్లెడ్జ్ (తాకట్టు) చేసి ఆ మార్జిన్‌తో ఆప్షన్లు (ముందే అనుకున్న ధరకు కొనే, అమ్మే హక్కులు) అమ్ముతారు. లేదా బ్రోకరే ఇచ్చే మార్జిన్ ట్రేడింగ్ ఫండింగ్‌తో ఒకటికి మూడు రెట్లు కొంటారు. నెలకు 2 శాతం ఆప్షన్ ప్రీమియంతో ఈఎమ్ఐ వచ్చేస్తుందని టెలిగ్రామ్ గ్రూపుల్లో చెప్పే కిటుకు ఇదే. ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్లు, ఆప్షన్ల ట్రేడింగ్‌లో) వ్యక్తిగత ట్రేడర్ల మీద మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబర్‌లో బయటపెట్టిన అధ్యయనం ప్రకారం 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో కోటి మందికి పైగా ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు. సగటు నష్టం మనిషికి దాదాపు 2 లక్షలు, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల పైనే. ఇంటి డబ్బును ఎఫ్ అండ్ ఓలోకి తీసుకెళ్లడాన్ని పెట్టుబడి అనకూడదు. దాని గురించి రెండో మాట అక్కర్లేదు.

పేపర్లో వచ్చే ఆ చిన్న ప్రకటన

తెలుగు దినపత్రికల లోపలి పేజీల్లో స్వాధీన ప్రకటన అనే శీర్షికతో చిన్న అక్షరాల పెట్టెలు కనిపిస్తుంటాయి. చాలామంది పేజీ తిప్పేస్తారు. ఒక్కసారి ఆగి చదివితే ఈ అప్పు స్వభావం తెలుస్తుంది. రుణగ్రహీత పేరు, కింద సహ రుణగ్రహీతగా భార్య పేరు, కొన్నిటిలో హామీదారుగా తండ్రి లేదా తమ్ముడి పేరు ఉంటాయి. డిమాండ్ నోటీసు ఇచ్చిన తేదీ, బకాయి మొత్తం రూపాయలు పైసలతో సహా, ఆపైన తదుపరి వడ్డీ, ఖర్చులు అదనం అన్న మాట ఉంటాయి. ఆ తర్వాత ఇంటి నంబరు, ఎన్ని గజాలు, తూర్పున ఎవరి ఇల్లు, పడమర ఏ రోడ్డు అంటూ నాలుగు హద్దులు. ఆ ఆస్తితో ఎవరూ లావాదేవీలు జరపవద్దని ప్రజలకు హెచ్చరిక. స్వాధీన నోటీసును రెండు పత్రికల్లో, అందులో ఒకటి స్థానిక భాషలో వేయాలన్నది సర్ఫేసీ చట్టం (తాకట్టు ఆస్తి ద్వారా బ్యాంకులు అప్పు రాబట్టుకునే చట్టం) కింది నిబంధన. ఊళ్లోవాళ్లకు, చుట్టాలకు విషయం తెలిసేది అప్పుడే.

2002లో వచ్చిన ఈ చట్టం కింద బ్యాంకు సివిల్ కోర్టు తీర్పు కోసం ఎదురు చూడక్కర్లేదు. వాయిదా 90 రోజులకు మించి బకాయి పడితే ఖాతా ఎన్‌పీఏ అవుతుంది. మొత్తం కట్టమని 60 రోజుల డిమాండ్ నోటీసు వస్తుంది. అప్పటికీ కట్టకపోతే ఆస్తిని స్వాధీనం చేసుకుని వేలం వేయవచ్చు. బ్యాంకు చర్య తప్పనిపిస్తే 45 రోజుల్లో రుణ వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. తెలుగువారికి హైదరాబాద్‌లో, విశాఖపట్నంలో ఈ ట్రిబ్యునళ్లున్నాయి. 2016 సవరణ తర్వాత, వేలం నోటీసు ప్రచురించేలోపే బకాయి మొత్తం కట్టి ఆస్తిని విడిపించుకోవాలి. ఆ తర్వాత డబ్బు తెచ్చినా హక్కుగా అడగలేరు. వేలంలో వచ్చిన డబ్బు అప్పుకు చాలకపోతే మిగతాది కూడా మన మీదే ఉంటుంది.

ఆస్తిలో వాటా ఉన్న ప్రతి ఒక్కరినీ బ్యాంకు అప్పులోకి లాగుతుంది. ఇల్లు భార్యాభర్తల పేరు మీద ఉంటే ఇద్దరూ సంతకం పెట్టాలి. తండ్రి పోయాక పంపకం కాని ఇల్లయితే తల్లి, అక్కచెల్లెళ్లు కూడా పెట్టాలి. ఫలానా షేరు మీద కొడుక్కి ఉన్న నమ్మకానికి, డీమ్యాట్ ఖాతా అంటే ఏమిటో తెలియని డెబ్బై ఏళ్ల తల్లి పూచీ పడుతుంది. ఈ పథకంలో అన్నిటికన్నా అన్యాయమైన భాగం ఇదే. సంతకం అడిగే ముందు, మార్కెట్ సగం పడితే ఏమవుతుందో ఆమెకు అర్థమయ్యేలా చెప్పాల్సిన బాధ్యత అడిగేవాడిది.

వ్యవసాయ భూమికి సర్ఫేసీ చట్టం వర్తించదు. ఇలాంటి అప్పుకు బ్యాంకులు పొలాన్ని అంతగా ఇష్టపడవు. దాంతో కొందరు ప్రైవేటు వడ్డీకి వెళ్తారు. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. పైగా తనఖా బదులు ఏకంగా సేల్ డీడో జీపీఏనో (ఆస్తిని అమ్మే అధికారమిచ్చే పత్రం) రాయించుకునే అలవాటు రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. ఏటా 24 శాతానికి మించి నిలకడగా ఇచ్చే మార్కెట్ ప్రపంచంలో ఎక్కడా లేదు.

ఆస్తి అంతా ఇళ్లు, స్థలాల్లోనే ఇరుక్కుపోయింది, షేర్లలో ఏమీ లేదు అన్న బాధ మాత్రం చాలా తెలుగు కుటుంబాల్లో న్యాయమైనదే. ఉంటున్న ఇల్లు కాక రెండు మూడు ప్లాట్లున్నవారు అందులో ఒకటి అమ్మి, పన్ను కట్టి, మిగిలిన డబ్బును ఏడాది రెండేళ్లలో విడతలుగా ఫండ్లలోకి మార్చుకోవచ్చు. ఆస్తి రూపం మారుతుంది, అప్పు పుట్టదు. మార్కెట్ సగం పడినా ఎవరూ తలుపు కొట్టరు. ప్లాటు అమ్మడానికి చేయి రావడం లేదు, తాకట్టు పెట్టడానికి మాత్రం సిద్ధం అనిపిస్తే, ఒక ప్రశ్న వేసుకోవాలి: ఆ ప్లాటు ఎలాగూ పెరుగుతుందనీ, షేర్లు అంతకన్నా పెరుగుతాయనీ, వడ్డీ ఈ రెండిటికన్నా తక్కువే ఉంటుందనీ మూడు పందేలు ఒకేసారి కాస్తున్నానా?

ఇప్పటికే దిగిపోయినవారికి కొన్ని దారులున్నాయి. వ్యాపారేతర అవసరానికి వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు అప్పును ముందే తీర్చేస్తే బ్యాంకు పెనాల్టీ వేయకూడదు. కాబట్టి మార్కెట్ పైన ఉన్న రోజుల్లో కొంత అమ్మి అసలులో కట్టేయడం ఉత్తమం. పూర్తిగా బయటపడలేకపోయినా, జీతంలోంచి సులువుగా కట్టగలిగినంత ఈఎమ్ఐకి అప్పును దించుకోవాలి. పూర్తి సంవత్సరపు ఈఎమ్ఐలకు సరిపడా డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో లేకపోతే, మిగతా ఏ పనికన్నా ముందు అది సమకూర్చుకోవాలి. 2008 లాంటి నెలల్లో అడుగున అమ్మాల్సిన అవసరాన్ని తప్పించేది అదొక్కటే. వాయిదా తప్పేలా ఉంటే 90 రోజులు గడవకముందే బ్యాంకుకు వెళ్లి గడువు పెంచమని అడగాలి. ఎన్‌పీఏ అయ్యాక బేరమాడే శక్తి తగ్గిపోతుంది. ఈఎమ్ఐ కోసం క్రెడిట్ కార్డు, పర్సనల్ లోన్, బంగారం మీద అప్పు మొదలైతే మాత్రం నష్టానికైనా షేర్లు అమ్మి ఇంటి అప్పు తగ్గించుకోవాల్సిన సమయం వచ్చినట్టే.

అప్పు పూర్తిగా తీరాక 30 రోజుల్లోగా బ్యాంకు అసలు దస్తావేజులన్నీ తిరిగి ఇవ్వాలి. తన తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం కట్టాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన 2023 డిసెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. దస్తావేజులు చేతికి రాగానే లింక్ డాక్యుమెంట్లతో సహా పేజీ పేజీ సరిచూసుకోవాలి, బాకీ లేదనే నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోవాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తనఖా రద్దు పత్రం రిజిస్టర్ చేయించి, కొత్త ఈసీ తీసి అందులో ఆ రద్దు ఎంట్రీ పడిందో లేదో చూసుకున్నాకే ఆ అప్పు నిజంగా ముగిసినట్టు.